రెండో గొంతు

ఆ ఆదివారం ఆరాధన అయిపోవచ్చింది. చివరి ఆశీర్వాదం కోసం అందరూ తలలు వంచారు. అప్పుడు పాస్టరు తిమోతి గొంతు సవరించుకుని ఒక ప్రకటన చేశాడు. జనానికి రుచించని ప్రకటన ఏదున్నా ఆయన ఆశీర్వాదానికి ముందే చేస్తాడు. తల వంచి కళ్ళు మూసుకున్నవాడు లేచి ఇదేమిటని అడగడు కదా, అదీ ఆయన తెలివి.

"ప్రియులారా, ఎలీశమ్మగారి ఇంట్లో ప్రతి గురువారం జరిగే వాక్యపఠనాన్ని, ఈ సమ్మె రోజుల్లో పరిస్థితులను బట్టి, మన సంఘంలో శాంతి నిమిత్తం రెండుగా చేస్తున్నాం. తెలంగాణ విశ్వాసులు మంగళవారం ఎలీశమ్మగారి ఇంట్లో కూడుకుంటారు. ఆంధ్రా విశ్వాసులు గురువారం దిల్‌సుఖ్‌నగర్‌లో రత్నం టీచరుగారి ఇంట్లో కూడుకుంటారు. ప్రభువు కృప మనకందరికీ తోడై ఉండును గాక."

జనం ఆమెన్ అన్నారు. ఆలోచించి అన్నది కాదు, అలవాటు కొద్దీ నోటికొచ్చింది. అనని మనిషి ఆ హాల్లో ఒక్కతే, ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న ఎలీశమ్మ. ఆమె తల ఎత్తి పాస్టరుగారి వైపే చూస్తూ ఉండిపోయింది. ఒళ్ళు భగ్గున మండింది. తన ఇల్లు, తన గురువారం. తనను ఒక్క మాటైనా అడగకుండా దాన్ని రెండు ముక్కలు చేసి, పైగా దానికి శాంతి అని పేరు పెట్టాడు ఈయన.

వెనక నుంచి అమల లేచింది. నర్సు ఉద్యోగం చేసే పిల్ల, గురువారం చదువుకు ఎన్నడూ తప్పనిది. "అయ్యగారూ, మా అమ్మది తెనాలి. నేను పుట్టింది, పెరిగింది హయత్‌నగర్‌ల. మా ఆయనది భువనగిరి. నేను ఏ రోజు రావాలండీ?" అని అడిగింది. పిల్ల వేళాకోళానికి అనలేదు, నిజంగానే తెలియక అడిగింది. కొందరు నవ్వారు. "నీ ఇష్టం తల్లీ" అని పాస్టరుగారు బైబిలు చంకలో పెట్టుకుని మెట్ల వైపు నడిచాడు.

ఎలీశమ్మ కళ్ళు రత్నం టీచరు కోసం వెతికాయి. టీచరు గోడవార కుర్చీలో ఇంకా కళ్ళు మూసుకునే కూర్చుని ఉంది. ఆమెన్ అయిపోయి, జనం చెప్పులు వెతుక్కుంటున్నా కళ్ళు తెరవలేదు. అది ప్రార్థన కాదని ఎలీశమ్మకు తెలుసు. ఆమెతో అన్నేళ్ళు కలిసి మౌనంగా కూర్చున్న మనిషి. ఏది మౌనమో, ఏది దాక్కోవడమో ఆ మాత్రం పోల్చుకోలేదా?

ఎల్‌బీనగర్‌లో చర్చి హాలు నుంచి చింతలకుంటలో ఇంటికి నడిచే వెళ్ళాలి. సకల జనుల సమ్మెలో ఆర్టీసీ కూడా దిగింది, బస్సు అన్నది రోడ్డు మీద లేదు. పక్కన భర్త జానయ్య తల దించుకుని నడుస్తున్నాడు. ఆయన హయత్‌నగర్ డిపోలో కండక్టరు, సమ్మెలో ఉన్నాడు. సమ్మెలో ఉన్నందుకు ఎలీశమ్మకు కోపం లేదు, తెలంగాణ రావాలని ఆమెకూ ఉంది. ఆమె కోపమంతా ఆయన నోటి మీద.

"నీ నోరు కొంచెం ఊకుంటే ఇదంత అయ్యేదా?" అంది.

"నేనేమన్న? ఉన్న ముచ్చటే అన్న" అన్నాడు జానయ్య.

"ఉన్న ముచ్చట అనెతందుకు రోడ్డు మీద టెంటు ఏసిన్రు గద, ఆడ అను. నా ఇంట్ల, వాక్యం ముంగట ఎందుకన్నవు?"

జానయ్య అడుగులు పెద్దవి చేసి ముందుకు నడిచాడు. మాట్లాడి ఉంటే బాగుండేది, ఆమె కోపం కొంతైనా దిగేది.

ఈ గురువారం చదువు సంగతి కొంత చెప్పాలి. లేకపోతే ఈ మనిషి ఇంతగా ఎందుకు రగిలిపోయిందో అర్థం కాదు.

ఎలీశమ్మది హయత్‌నగర్ దాటాక ఒక పల్లె. చిన్నప్పుడు బడి లేదు. పెళ్ళయి పట్నం వచ్చాక, సాయంత్రపు క్లాసుల్లో అక్షరాలు దిద్దుకుంది. కొత్తపేటలో చీరలకు ఫాల్స్ కుట్టి, పీకో చేసే చిన్న దుకాణం పెట్టుకుంది. చర్చికి మొదట్నుంచీ వెళుతుంది. ఎప్పుడో ఒకసారి ఆదివారం ఆమె చేత వాక్యం చదివించారు. వేలు వరస కింద పెట్టుకుని, ఒక్కో మాటా తడుముకుంటూ, తన ఊరి పలుకుతో చదివింది. సంఘ కార్యదర్శి జోగారావు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పాతికేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్న పెద్దమనిషి. తర్వాత ఆయనే వచ్చి, "మీరు పాటల్లో ఉండండమ్మా, మీ గొంతు బాగుంటుంది" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో చూడండి. ఆ మర్యాద ఆమెకు ఇన్నేళ్ళయినా అరగలేదు.

అటు తర్వాత జానయ్య నడిచే బస్సులోంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మలక్‌పేట వైపు మఠం సిస్టర్లు నడిపే దవాఖానలో చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. అక్కడ అగాత అనే ముసలి సిస్టరు రోజూ పొద్దుగూకే వేళకు వచ్చి మంచం పక్కన కూర్చునేది. బైబిలు తెరిచి చిన్న ముక్క చదివేది, నాలుగు వరసలకు మించి కాదు. చదివి ఊరుకునేది. మళ్ళీ అదే చదివేది. "నిన్ను ఏ మాట పట్టుకుందో చూసుకోమ్మా. పట్టుకున్న మాటను వదలకు, నోట్లో పెట్టుకుని నములు. తర్వాత ఆ మాటతోనే దేవుడితో మాట్లాడు. మాట్లాడటం అయ్యాక నువ్వు ఊరుకో, ఆయన్ని మాట్లాడనియ్యి" అనేది. అంతే, ప్రసంగం లేదు. అర్థం విడమరిచి చెప్పడం లేదు.

ఎలీశమ్మకు ప్రాణం లేచి వచ్చింది. మెల్లగా చదవడం తప్పు కాదట! జన్మంతా మెల్లగా చదివినందుకే కదా ఆమెను వెనక్కి నెట్టారు. ఇక్కడేమో మెల్లగా చదవమనే చెబుతున్నారు.

ఇంటికొచ్చాక దుకాణంలో మిషను బల్ల మీద బైబిలు తెరిచి పెట్టుకునేది. చీర చీరకూ మధ్య రెండు వరసలు. అక్కడికే చీరల పనిమీద వచ్చింది రత్నం టీచరు. గుంటూరు జిల్లా మనిషి, భర్త పోయాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతుంది. మొదట చీర ఇచ్చి వెళ్ళిన రోజు, మళ్ళీ తీసుకోవడానికి వచ్చిన రోజు, అదే పేజీ తెరిచి ఉండటం చూసింది.

"ఇంకా అక్కడే ఉన్నారేంటండీ?" అని అడిగింది.

"గది నన్ను ఇంక ఇడ్వలే టీచరమ్మా" అంది ఎలీశమ్మ.

ఆ మాటకు రత్నం టీచరు స్టూలు లాక్కుని కూర్చుంది. గంటకు పైగా కూర్చుంది. తర్వాత తర్వాత "ఎలీశమ్మగారు" పోయి "వదిన" వచ్చింది, "టీచరమ్మ" పోయి "అక్క" వచ్చింది. ఇద్దరూ కలిసి గురువారాలు మొదలుపెట్టారు. ఎలీశమ్మ ఇంటి ముందుగదిలో చాపలు పరిచి, పెద్ద దీపం ఆపేసి చిన్న బల్బు ఒకటి ఉంచేవారు. ఒక్కొక్కరే జనం చేరారు. పద్ధతి మాత్రం అగాత సిస్టరు చెప్పిందే. వాక్యం వరసలో వస్తుంది, పోయిన వారం ఎక్కడ ఆగితే ఈ వారం అక్కడి నుంచి. ఎవరూ ఏరకూడదు. ఒకే ముక్కను ఇద్దరు చదవాలి. ఒక్క గొంతే అయితే జనం దానికి అలవాటుపడి వినడం మానేస్తారని సిస్టరు చెప్పింది. అందుకని రత్నం టీచరు ముందు చదివేది, గలగలా, ఎక్కడా తట్టుకోకుండా. కాసేపు మౌనం. తర్వాత ఎలీశమ్మ చదివేది, వేలు కింద పెట్టుకుని. మళ్ళీ మౌనం. ఆ పైన ఎవరిని పట్టుకున్న మాట వాళ్ళు చెప్పాలి, అదొక్కటే. ఒకరు చెప్పినదాని మీద ఇంకొకరు మాట తిప్పకూడదు, సరిదిద్దకూడదు, ఔననైనా అనకూడదు.

పాస్టరుగారు మొదట్లో దీన్ని కేథలిక్కుల తంతు అన్నాడు. ప్రసంగం లేకుండా వాక్యమేమిటి అన్నాడు. ప్రసంగం చెప్పేవాడికి ఆ అనుమానం రావడం సహజమే. గదిలో చోటు చాలనంత జనం వస్తున్నారని తెలిశాక మాత్రం, అది మన సంఘం చేస్తున్న సేవ అని నలుగురిలో చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఇక సమ్మె వచ్చింది. ఎటు చూసినా టెంట్లు, వంటావార్పులు, నినాదాలు. గురువారం గదిలో మాత్రం రెండు వైపుల వాళ్ళూ పక్కపక్కనే కూర్చునేవారు. ఆ గదిని చూసి ఎలీశమ్మకు గర్వంగా ఉండేది. పట్నమంతా రెండైనా నా గది ఒక్కటే అనుకునేది.

వాళ్ళప్పుడు రాజుల కథలు చదువుతున్నారు. చదువుతూ చదువుతూ సరిగ్గా ఆ వారం ద్రాక్షతోట కథకు వచ్చారు. రాజభవనం పక్కన ఒకాయనకు తోట ఉంటుంది. రాజు దాన్ని తనకిమ్మంటాడు. అది మా తాతల నాటిది, ఇవ్వనంటాడు తోటాయన. రాజు అలిగి పడుకుంటాడు. రాణి ఆ ఊరి పెద్దలకు ఉత్తరాలు రాసి, ఆయన మీద దొంగ సాక్ష్యం పెట్టిస్తుంది. పెద్దలు నోరెత్తకుండా ఆమె రాసినట్టే చేస్తారు. తోటాయనను ఊరి బయటికి తీసుకెళ్ళి రాళ్ళతో కొట్టి చంపుతారు. ఆ రోజుకు చదివింది అక్కడికే.

మాటలు చెప్పే వంతు వచ్చింది. ఎవరో "తాతలది" అన్నారు. ఎవరో "రాళ్ళు" అన్నారు. డ్యూటీ లేక ఇంట్లో ఉన్న జానయ్య ఆ రోజు మొదటిసారి చదువుకు కూర్చున్నాడు. "తోట" అన్నాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. "మా తోటలు గూడ గిట్లనే పోయినయ్. ఒచ్చినోళ్ళు గుంజుకున్నరు" అన్నాడు.

తనూ గురువారాలకు వచ్చే జోగారావు ఉలిక్కిపడి లేచాడు. "ఎవరు గుంజుకున్నారండీ? మేం కొనుక్కున్నాం. రాత్రింబవళ్ళు కష్టపడి కొనుక్కున్నాం. రాళ్ళేసి చంపి తీసుకోలేదు" అన్నాడు. అందులోనూ అబద్ధం లేదు. ఈ రోడ్డు మీద నడుస్తుంటే 'ఇంకెన్నాళ్ళు ఉంటారు' అని అడిగేవాళ్ళ చూపులు ఆయనకూ తగులుతూనే ఉన్నాయి. గొడవ పెద్దదైంది. ఎలీశమ్మ ఊకోండ్రి ఊకోండ్రి అంటూనే ఉంది, వినే నాథుడు లేడు. రత్నం టీచరు మాత్రం ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడకూడదన్న నియమం పాటిస్తూ తల వంచుకుని కూర్చుంది.

అది అక్కడితో పోయేదే. మనుషులు అరుచుకుంటారు, చల్లబడతారు. కానీ జోగారావు వెళ్ళి పాస్టరుగారితో, ఎలీశమ్మ కావాలనే ఆ వాక్యం ఏరి పెట్టిందని చెప్పాడు. ఉద్యమం కోసం దేవుని వాక్యాన్ని వాడుకుందని. శనివారం ఎలీశమ్మను, రత్నం టీచరును ఇద్దరినీ సంఘం కమిటీ ముందుకు పిలిచారు.

"నేను ఏర్లే. వరసల ఒచ్చింది" అంది ఎలీశమ్మ.

"అంత సరిగ్గా సమ్మెలోనే వచ్చిందా?" అన్నాడు జోగారావు.

పాస్టరుగారు రత్నం టీచరు వైపు తిరిగాడు. "టీచరుగారూ, మీరు చెప్పండి. వాక్యం ఎవరు ఎంచారు?"

ఒక్క మాట. వరసలో వచ్చిందండీ, అంతే. ముందు వారం చదివింది ఆమే, దాని ముందు వారం చదివింది ఆమే. ఎక్కడ ఆగారో, ఎక్కడ మొదలైందో ఆమె కంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? రత్నం టీచరు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తల వంచింది. కళ్ళు మూసుకుంది. నోరు తెరవలేదు. ఎలీశమ్మ ఆమె మొహం వంక చూస్తూ చూస్తూ, ఆఖరుకు చూడలేక కిటికీ వైపు తిరిగింది. జోగారావు అన్న మాట కంటే ఆ ఊరుకోవడం ఆమెను ఎక్కువ కోసింది. ఆ మర్నాడే ఆశీర్వాదానికి ముందు ఆ ప్రకటన.

మంగళవారం వచ్చింది. తెలంగాణ విశ్వాసులు ఎలీశమ్మ ఇంటికి వచ్చారు. ఆమె చాపలు పరిచింది, చాయ్ పోసింది, బైబిలు మాత్రం తెరవలేదు.

"మనోళ్ళే ఒచ్చిన్రు గద, చదువు" అన్నాడు జానయ్య.

"మనోళ్ళేంది? మొన్నటిదాంక ఒచ్చినోళ్ళంత ఎవరోళ్ళు మరి?" అంది. "ఒక్క గొంతుతోని నాకు చదువ రాదు. రెండో గొంతును తీస్కపోయి దిల్‌సుఖ్‌నగర్‌ల కూసోబెట్టిన్రు. పోయి మీ అయ్యగారిని అడుగుండ్రి."

జనం చాయ్ తాగి వెళ్ళిపోయారు. ఎలీశమ్మ ఖాళీ గ్లాసులు కడుగుతూ ఏడ్చింది. బాధతో కాదు, ఒట్టి కోపంతో ఏడ్చింది. తెలంగాణ రావాలి, నిజమే. అది వస్తే తన పలుకును చూసి ఎవడూ రుమాలు అడ్డం పెట్టుకోడని ఆమె ఆశ. అంతేగానీ పక్కన కూర్చున్న మనిషిని లేపి అవతలకు పంపమని ఆమె ఎవరినీ అడగలేదు. ఆమె పేరు మీద అది చేయడానికి ఈ తిమోతి ఎవరు? ఆయనను చేయనిస్తూ కళ్ళు మూసుకుని కూర్చోవడానికి ఆ రత్నం ఎవరు? ఇప్పుడు ఊరుకుంటే గురువారం అన్నది ఇక ఉండదని ఆమెకు తెలిసిపోయింది. ముందు చదువు పోతుంది, వెనకే మనుషులు పోతారు.

గురువారం సాయంత్రం బైబిలు సంచిలో పెట్టుకుని బయలుదేరింది. ఎల్‌బీనగర్ చౌరస్తాలో టెంటు కింద జానయ్య తోటి కండక్టర్లతో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి పరుగున వచ్చాడు.

"ఏడికే?"

"చదువుకు."

"ఇయ్యాల ఆళ్ళది గదనే. లొల్లి అయితది."

"గురువారం నాది. లొల్లి అయితె కానియ్యి" అని ముందుకు నడిచింది. జానయ్య కాసేపు నిలబడి, టెంటు వైపు ఒకసారి చూసి, ఆమె వెనకే వచ్చాడు.

కొత్తపేట, చైతన్యపురి, అన్నీ వెలవెలబోతున్నాయి. కోచింగ్ సెంటర్ల షట్టర్లు దించి ఉన్నాయి. కరెంటు లేక జనం గుమ్మాల్లో కూర్చుని విసనకర్రలు విసురుకుంటున్నారు. దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి ఎలీశమ్మ కాళ్ళు లాగుతున్నాయి, కోపం మాత్రం తగ్గలేదు. నడిచిన కొద్దీ పెరిగింది కూడా.

రత్నం టీచరు ఇంట్లో కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. పాస్టరుగారు స్వయంగా వచ్చి సోఫాలో కూర్చున్నాడు. జోగారావు ఉన్నాడు, ఇంకో పదిమంది ఉన్నారు, అమల ఒక మూల కూర్చుంది. ఎలీశమ్మ చెప్పులు విడిచి నేరుగా లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది. జానయ్య గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, ఈ రోజు..." అని మొదలుపెట్టాడు జోగారావు.

"నాకెర్కే ఈ రోజు ఏందో. ఏం చదువుతున్నరు?"

పాస్టరుగారు నవ్వు తెచ్చుకుని చెప్పాడు. "మనసులు కలతగా ఉన్నాయి కదమ్మా. కాపరి కీర్తన చదువుదామని నేనే ఎంచాను. పచ్చిక బయళ్ళు, శాంతికరమైన జలాలు. అందరికీ నెమ్మది."

ఎలీశమ్మ బైబిలు సంచిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అయ్యగారూ, నేను ఏరిన అని నన్ను కమిటీ ముంగట నిలబెట్టిన్రు. మీరు ఏరొచ్చునా? తోటాయనను రాళ్ళతోని కొట్టి సంపిన కాడ ఆపినం. ఆయన పీనుగ ఇంక ఊరి బయటనే పడున్నది. గా మనిషిని గట్లనే ఇడ్సిపెట్టి, మనం పచ్చిక బయళ్ళకు పోదమా?"

పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు రత్నం టీచరు లేచింది. కొవ్వొత్తి దగ్గరకు జరుపుకుంది. కీర్తన దగ్గర పెట్టిన గుర్తు కాగితం తీసేసి, పేజీలు వెనక్కి తిప్పింది. అందరూ చూస్తుండగా పోయిన వారం ఆపిన చోటి నుంచి చదవడం మొదలుపెట్టింది.

తోటాయన పోయాడని విని రాజు తోట స్వాధీనం చేసుకోవడానికి వెళతాడు. ప్రవక్త ఎదురొచ్చి, చంపిందే కాక ఆక్రమించుకున్నావా అని నిలదీస్తాడు. రాజు భయపడి బట్టలు చింపుకుంటాడు, గోనెపట్ట కట్టుకుంటాడు, ఉపవాసం ఉంటాడు. అతడు తగ్గించుకున్నాడు గనుక, కీడు ఇప్పుడే రప్పించనంటాడు దేవుడు. రత్నం టీచరు గొంతు ఎప్పుడూ లేనిది రెండు చోట్ల తట్టుకుంది.

"ఒక్కసారి చాలు, ప్రార్థన చేసుకుందాం" అన్నాడు పాస్టరుగారు.

ఎలీశమ్మ అప్పటికే వరస కింద వేలు పెట్టింది. మెల్లగా, ఒక్కో మాటా తీసి ముందు పెడుతూ చదివింది. పాస్టరుగారు మధ్యలో ఆపలేకపోయాడు. మౌనం అయ్యాక మాటలు వచ్చాయి. అమల "గోనెపట్ట" అంది. జోగారావు చాలాసేపు పెదవి కొరుక్కుని "స్వాధీనం" అన్నాడు, ఇంకేం అనలేదు.

రత్నం టీచరు వంతు వచ్చింది. "పోయిన వారం మాటే నన్నింకా వదల్లేదు" అంది. "పెద్దలు. రాణి రాసినట్టే చేసి ఊరుకున్న ఆ ఊరి పెద్దలు." తర్వాత, ఇన్నేళ్ళలో మొదటిసారి, నియమం తప్పింది. "అయ్యగారూ, ఆ వాక్యం వరసలోనే వచ్చింది. వదిన ఏరలేదు. నాకు తెలుసు. మీరు అడిగినప్పుడు చెప్పలేదు. చెబితే మనవాళ్ళంతా నన్ను అటువైపు మనిషి అంటారని భయపడ్డాను. మౌనం అలవాటే కదా, అందులో దాక్కున్నాను." మొహం కొంగుతో కప్పుకుని ఏడ్చింది.

పాస్టరుగారికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. "దేవునికి స్తోత్రం! సమాధానపడటమంటే ఇదే. రండి, అందరం చేతులు పట్టుకుందాం" అన్నాడు. పక్కవాళ్ళు చేతులు చాచారు. ఎలీశమ్మ తన చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది.

"నా మాట ఇంక కాలే" అంది. "నా మాట తోటాయన." తర్వాత కళ్ళు మూసుకుని, ఇంట్లో మనిషిని నిలదీసినట్టే గట్టిగా దేవుణ్ణే అడిగింది. "ప్రభువా, రాజు ఏడ్సిండు. గోనెపట్ట కట్టుకున్నడు. నువ్వు కనికరపడ్డవు, మంచిదే. తోటాయన లేసిండా? ఆయన తోట ఆయనకు ఒచ్చిందా? ఏడ్సినోళ్ళను నువ్వు సూస్తవు. ఆళ్ళ వల్ల నిన్న మొన్న ఏడ్సినోళ్ళను కూడ సూడు."

ఎవరి చేతులు వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాయి. గుమ్మం దగ్గర జానయ్య గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

రత్నం టీచరు కళ్ళు తుడుచుకుని, "వచ్చే గురువారం మీ ఇంట్లోనే వదినా. అందరం. ఎప్పటిలాగే" అంది.

"ఒస్తే రండ్రి. కానీ ఎప్పటి లెక్క కాదు" అంది ఎలీశమ్మ. "ముందుగాల నేను చదువుత. నువ్వు నా ఎనుక చదువు."

"ఇప్పుడు వరస మార్చడమెందుకమ్మా? మొదట్నుంచీ ఉన్నదే కదా" అన్నాడు జోగారావు.

"గా వరస ఎవలు పెట్టిన్రు?"

జోగారావు రత్నం టీచరు వైపు చూశాడు. టీచరు పాస్టరుగారి వైపు చూసింది. ఎవరికీ తెలియదు. అగాత సిస్టరు రెండు గొంతులు కావాలందే కానీ, ఏది ముందో చెప్పలేదు. ఎవరూ పెట్టలేదు, ఎవరూ అడగలేదు. అలా జరిగిపోయింది. అన్నేళ్ళూ ఎలీశమ్మకు కూడా అది తట్టలేదు. ఆ సంగతి ఆమెకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది.

"అలాగే వదినా" అంది రత్నం టీచరు.

ఆ తర్వాతి గురువారానికి సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళు నడిచి వచ్చారు. జోగారావు ఆయాసపడుతూ ఆలస్యంగా వచ్చి వెనక కూర్చున్నాడు. పాస్టరుగారు రాలేదు. జానయ్య నోటికి తాళం వేసుకుని చాపలు పరిచాడు. ఎలీశమ్మ కొవ్వొత్తి దగ్గరకు జరుపుకుని, వరస కింద వేలు పెట్టి, తన పలుకుతో, తన నడకతో మొదలుపెట్టింది. గదిలో ఎవరూ నవ్వలేదు. పక్కన రత్నం టీచరు బైబిలు తెరుచుకుని, తన వంతు ఎప్పుడొస్తుందా అని ఆమె వేలి వైపే చూస్తూ కూర్చుంది. ఎలీశమ్మ తొందరపడలేదు.